ప్రేమకథల్లో అత్యాచారం, ఆ తర్వాత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సీరియళ్లలో, వెబ్ సిరీస్‌లలో ప్రేమకథ మధ్యలో అత్యాచారం వచ్చినప్పుడు ఆ తర్వాతి భాగాన్ని ఎంత నిజంగా చూపిస్తున్నారని చాలామంది అడిగారు. మానసిక వైద్యం, చట్టం, టీవీ రచన తెలిసిన మా బృందం ఆరు ప్రశ్నలకు జవాబులిస్తోంది. పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న (గుంటూరు నుంచి): ‘అవుట్‌ల్యాండర్’ మొదటి సీజన్ చివర్లో జేమీ మీద జైల్లో అత్యాచారం జరుగుతుంది. ఇక బతకనంటాడు. భార్య క్లెయిర్ గట్టిగా నిలదీసి మాట్లాడించాక తేరుకుని, ఆమెతో కలిసి ఓడెక్కుతాడు. ప్రేమ ఉన్నవాళ్లు నిలదీస్తే మనిషి అలా తేరుకుంటాడా? మా తమ్ముడికి హాస్టల్లో ఇలాంటిదే జరిగిందని మా అనుమానం. మేమూ అలాగే అడగాలా?

జవాబు: అడగండి, కానీ నిలదీయకండి. సీరియల్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ తమ్ముడి గురించి.

అత్యాచారంలో మనిషి మొదట పోగొట్టుకునేది తన ఇష్టానికి ఉన్న విలువ. జరిగింది ఎప్పుడు చెప్పాలో, ఎవరికి, ఎంతవరకు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు తిరిగి అతని చేతిలో పెట్టడంతోనే కోలుకోవడం మొదలవుతుంది. ప్రేమతో చేసినా సరే, బలవంతంగా చెప్పిస్తే ఆ హక్కును మరోసారి లాక్కున్నట్టే. ఘటన జరిగిన కొత్తలో అంతా ఒక్క విడతలో చెప్పించే ‘డీబ్రీఫింగ్’ పద్ధతి వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచిస్తోంది.

‘నీకేదో కష్టం వచ్చిందనిపిస్తోంది. చెప్పాలనిపిస్తే వింటాను. చెప్పకపోయినా నీ పక్కనే ఉంటాను’ అనండి, చాలు. వివరాలు తవ్వొద్దు. ‘ఎందుకు ఊరుకున్నావు’, ‘ముందే ఎందుకు చెప్పలేదు’ అనే మాటలు నోట రానీయొద్దు. భుజం మీద చెయ్యి వేసే ముందు కూడా అడగండి. మాట్లాడేటప్పుడు తలుపుకు అడ్డంగా కూర్చోవద్దు, లేచి వెళ్లిపోయే దారి అతనికి కనిపిస్తూ ఉండాలి. చావు మాట ఎత్తితే మాట మార్చేయకండి. ‘చనిపోవాలని ఉందా?’ అని సూటిగానే అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఇంట్లో పురుగుమందు, మిగిలిపోయిన మాత్రలు ఉంటే తీసేయండి, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. తమ్ముడి వయసు 18 లోపు అయితే, పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం మగపిల్లలకూ వర్తిస్తుంది. అప్పుడు విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పడం తప్పనిసరి.

ఇక సీరియల్. 2015 మే నెలలో వచ్చిన ఆ రెండు ఎపిసోడ్లు ఒక విషయంలో చాలా ధైర్యం చేశాయి. ప్రేమకథలో నాయకుణ్నే బాధితుడిగా చూపించాయి. అతని శరీరం స్పందించడం వల్ల కలిగిన సిగ్గును కూడా దాచలేదు. మగ బాధితులు ఏళ్ల తరబడి నోరు విప్పకపోవడానికి పెద్ద కారణం ఇదే. భయంలో ఉన్నప్పుడు కూడా శరీరం తాకిడికి స్పందించవచ్చు, అది కన్నులో నలుసు పడితే నీళ్లు కారడం లాంటి అసంకల్పిత చర్య. ఇష్టానికి, దానికి సంబంధం లేదు. మీ తమ్ముడు ఎప్పుడైనా ఈ మాట ఎత్తితే సరిగ్గా ఇదే చెప్పండి.

తప్పు జరిగింది కోలుకోవడాన్ని చూపిన తీరులో. భార్య ఒక్క రాత్రి రెచ్చగొడితే మనసులోని విషం దిగిపోయినట్టు చూపించారు. జరిగినదాన్ని మళ్లీ చెప్పించే చికిత్స నిజంగానే ఉంది. దాన్ని ‘ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్’ అంటారు. మామూలుగా 8 నుంచి 15 సిట్టింగులు, ఒక్కోటి 90 నిమిషాలు. ముందుగా ఊపిరిని నెమ్మదింపజేయడం నేర్పుతారు, చికిత్స ఎలా పనిచేస్తుందో వివరిస్తారు. ఆ తర్వాతే జ్ఞాపకంలోకి తీసుకెళ్తారు. మధ్యమధ్యలో బాధ సున్నా నుంచి 100 వరకు ఎంతలో ఉందని అడుగుతూ ఉంటారు. ఆ అంకె బాగా పైకి వెళ్లినచోట రోగిని వదిలేసి ఇంటికి పంపరు. ఎప్పుడు ఆపాలన్నది రోగి చేతిలోనే ఉంటుంది. క్లెయిర్ చేసినదాంట్లో ఇవేవీ లేవు. ఇంట్లోవాళ్లు దీన్ని అనుకరిస్తే ఫ్లాష్‌బ్యాక్, అంటే అది మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపించడం, మొదలవుతుంది, ఆపడం ఎవరికీ తెలియదు. ఆ తర్వాత అతను మీ ముందు ఆ మాటే ఎత్తడు.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. రెండో సీజన్ ఈ పొరపాటును చాలావరకు దిద్దుకుంది. పారిస్ వచ్చాక కూడా జేమీకి పీడకలలు వస్తాయి, భార్యను దగ్గరికి తీసుకుంటే తనను హింసించినవాడి ముఖం కనిపిస్తుంది. ఆ దాంపత్యం మళ్లీ కుదుటపడటానికి ఎపిసోడ్లు పడతాయి. నిజానికి దగ్గరగా ఉన్నది ఆ పారిస్ భాగం. మొదటి సీజన్ చూసి ఆపేసినవాళ్లకు తప్పుడు బొమ్మే మిగులుతుంది.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): టర్కీ సీరియల్ ‘ఫాత్మాగుల్’ హిందీ డబ్బింగ్‌లో చూశాను. అత్యాచారం జరిగిన చోట ఉన్నవాణ్నే ఆమె పెళ్లి చేసుకోవాల్సి వస్తుంది, చివరికి అతన్నే ప్రేమిస్తుంది. చూస్తున్నంతసేపూ కన్నీళ్లు ఆగలేదు. ఇలా ఏడవడం తప్పా అనిపించింది కూడా.

జవాబు: ఏడవడం తప్పేమీ కాదు. ఆ సీరియల్‌లో మంచీ ఉంది, ప్రమాదమూ ఉంది. రెండూ ఒకే కథలో పెనవేసుకుని ఉండటమే చిక్కు.

2010 సెప్టెంబరు నుంచి 2012 జూన్ వరకు 80 ఎపిసోడ్లుగా టర్కీలో ప్రసారమైంది. ఏజియన్ తీరంలోని పల్లెటూరి పిల్ల మీద డబ్బున్న ఇంటి కుర్రాళ్లు సామూహిక అత్యాచారం చేస్తారు. కేసు బయటికి రాకుండా, అక్కడే ఉన్న పేద స్నేహితుడు కెరీమ్‌కు ఆమెను కట్టబెడతారు. ఆ పిల్ల వదిన డబ్బు తీసుకుని బేరం కుదురుస్తుంది. ఈ పెళ్లి వెనక టర్కీ చట్టం చరిత్ర ఉంది. నేరస్తుడు బాధితురాలిని పెళ్లి చేసుకుంటే శిక్ష నుంచి తప్పించుకునే వీలు అక్కడి పాత శిక్షాస్మృతిలో ఉండేది. 2005 జూన్ 1న అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతి దాన్ని తీసేసింది. చట్టం పోయినా ‘పెళ్లి చేస్తే పరువు దక్కుతుంది’ అనే ఆలోచన పోలేదు కాబట్టే ఆ సీరియల్ అంత మందిని కదిలించింది. జోర్డాన్, లెబనాన్, ట్యునీషియా తమ చట్టాల్లోంచి ఇలాంటి సెక్షన్లు తీసేసింది 2017లోనే.

మంచి ఏమిటంటే, ఆ కథ తొందరపడలేదు. పెళ్లయ్యాక చాలా ఎపిసోడ్ల దాకా ఆమె అతన్ని దగ్గరికి రానివ్వదు, అసహ్యాన్ని దాచుకోదు. అతను క్షమాపణ అడిగినంత మాత్రాన కరగదు. మానసిక వైద్యం, కేసు, కోర్టు, తన కాళ్ల మీద తాను నిలబడటం, ఇవన్నీ ప్రేమకు ముందు వస్తాయి. ఈ వరస సరైనది.

ప్రమాదం ఎక్కడంటే, కెరీమ్ నిజానికి అత్యాచారం చేయలేదని రచయితలు ఏర్పాటు చేసుకున్నారు. ప్రేమకు దారి సుగమం చేయడానికే అలా చేశారు. దాంతో అతను అక్కడే ఉండి అడ్డుకోలేదన్న అసలు నేరం క్రమంగా చిన్నదైపోయింది. మగవాడు ఓపిగ్గా కాచుకుంటే ఆడది ఎప్పటికైనా దక్కుతుందన్న మాట మిగిలింది. చూసేవాళ్లు ఇంటికి తీసుకెళ్లేది చాలాసార్లు ఆ ఒక్క మాటే.

ఇంతకన్నా ఘోరమైన ఉదాహరణ అమెరికాలో ఉంది. ‘జనరల్ హాస్పిటల్’ సీరియల్‌లో 1979లో ల్యూక్ అనే పాత్ర లారాపై అత్యాచారం చేస్తాడు. ప్రేక్షకులకు ఆ జంట నచ్చడంతో దాన్ని ప్రేమకథగా మలిచారు. 1981 నవంబరులో వాళ్ల పెళ్లి ఎపిసోడ్‌ను దాదాపు 3 కోట్ల మంది చూశారు. ఆనాటి ఘటనను అత్యాచారమని ఒప్పుకుంటూ అదే సీరియల్ మళ్లీ ఎత్తుకోవడానికి 1998 దాకా పట్టింది.

మన దగ్గర పెద్దమనుషుల పంచాయితీల్లో ‘వాడికే ఇచ్చి చేసేద్దాం’ అనే మాట ఇంకా వినిపిస్తుంది కాబట్టి చట్టం సంగతీ చెప్పాలి. అత్యాచారం కేసులో రాజీ కుదిరిందని శిక్ష తగ్గించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2013లో శింభు కేసులో చెప్పింది. పెళ్లి చేసుకోమనో, రాజీపడమనో కోర్టులు సూచించనే కూడదని 2021 మార్చిలో అపర్ణా భట్ కేసులో ఆదేశించింది.

ప్రశ్న (విజయనగరం నుంచి): ఏ సీరియల్‌లో చూసినా మా ఇంట్లో పెద్దవాళ్లు ‘గట్టిగా అరిచి ఉంటే సరిపోయేదిగా’ అంటారు. వాళ్లకు ఏం చెప్పాలి?

జవాబు: తప్పించుకోలేని ప్రమాదంలో చాలామందికి ఒళ్లు బిగుసుకుపోతుంది, గొంతు పెగలదు, తర్వాత అందులో కొన్ని క్షణాలు గుర్తుకే రావు. ఇది మెదడు తనంతట తాను చేసే పని. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల క్లినిక్‌కు వచ్చిన 298 మంది స్త్రీల మీద చేసిన పరిశోధన 2017లో వెలువడింది. వాళ్లలో 70 శాతం మందికి ఇలా చెప్పుకోదగ్గ స్థాయిలో జరిగింది. అలా బిగుసుకుపోయినవాళ్లకే ఆ తర్వాత పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత వదలకుండా వేధించే మానసిక సమస్య), డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువని కూడా తేలింది. తానెందుకు అరవలేదని తననే తాను తిట్టుకుంటున్న మనిషికి ఇంట్లోవాళ్ల మాట ఇంకో దెబ్బ. మన చట్టం కూడా, శరీరంతో ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో సమ్మతి ఉన్నట్టు భావించకూడదని స్పష్టంగానే రాసింది. మీ పెద్దవాళ్లకు ఈ చివరి మాట చెప్పి చూడండి. సైన్సు వినకపోయినా చట్టం వింటారు.

ప్రశ్న (సీరియళ్లకు రాసే ఒక సహాయ రచయిత నుంచి): మా కథలో నాయికపై అత్యాచారం జరుగుతుంది, తర్వాత ప్రేమకథ నడుస్తుంది. అబద్ధంగా రాయకూడదని ఉంది. ఏ దశలో ఏం జరుగుతుందో వరసగా చెప్పగలరా?

జవాబు: ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఆ ఘటన ఎవరి కథ కోసం? ఆమె మీద జరిగింది నాయకుడి కోపానికి, పగకు, త్యాగానికి సాకుగా మాత్రమే ఉంటే మిగతా వివరాలన్నీ సరిగ్గా రాసినా ప్రయోజనం లేదు. ఆ సన్నివేశం తీసేయడమే మేలు.

మొదటి మూడు రోజులు. సినిమాల్లో వెంటనే షవర్ కింద కూర్చోబెడతారు. నిజంగానే చాలామంది స్నానం చేస్తారు, కాబట్టి రాయొచ్చు. కానీ ‘స్నానం చేశావు, ఇక సాక్ష్యం పోయింది’ అని ఏ పాత్ర చేతా అనిపించొద్దు. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 96 గంటల దాకా శరీరం మీంచి నమూనాలు తీసుకోవచ్చు. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితం కవరులో పెట్టాలి, ప్లాస్టిక్‌లో పెడితే తేమకు బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రయినా ప్రైవేటుదయినా ఉచితంగా వైద్యం చేయాల్సిందే, ఎఫ్‌ఐఆర్ ఉంటేనే చూస్తామనకూడదు. కాదంటే భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. మీ కథలో నర్సు ‘ముందు పోలీసు కాగితం తెండి’ అంటే, అది తప్పని చెప్పే పాత్ర కూడా అక్కడే ఉండాలి.

గర్భం రాకుండా ఇచ్చే మాత్ర 72 గంటల్లోపు వేస్తే బాగా పనిచేస్తుంది, 120 గంటల దాకా ఇవ్వొచ్చు. హెచ్‌ఐవీ రాకుండా వాడే మందులు మాత్రం 72 గంటల్లోపే మొదలవ్వాలి, 28 రోజులు మానకుండా వేసుకోవాలి. వికారం, నీరసం వస్తాయి కాబట్టి చాలామంది మధ్యలో ఆపేస్తారు. ఈ 28 రోజుల మాత్రలు రచయితకు ఎంత ఉపయోగమో గమనించండి. రోజూ ఒకే వేళకు ఆ మాత్ర వేసుకుంటూ, ఇంట్లోవాళ్లకు అదేమిటో చెప్పలేకపోవడంలో ఎపిసోడ్ల కొద్దీ కథ ఉంది. గర్భం నిలిస్తే అత్యాచార బాధితురాలికి 24 వారాల వరకు గర్భస్రావానికి చట్టం వీలు కల్పిస్తోంది. ‘ఇక కనక తప్పదు’ అనే మలుపు రాసే ముందు అది గుర్తుంచుకోండి.

డాక్టరు పరీక్షకు ఆమె సమ్మతి కావాలి. లైంగిక అనుభవం ఉందో లేదో చూస్తామంటూ చేసే ‘రెండు వేళ్ల పరీక్ష’ చేస్తే దుష్ప్రవర్తన కింద లెక్కని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి డాక్టరు నోట ‘ఆమెకు ముందే అలవాటుంది’ లాంటి డైలాగు వద్దే వద్దు.

పోలీసులు. ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, పరిధి కాకపోతే జీరో ఎఫ్‌ఐఆర్ రాసి పంపాలి. వాంగ్మూలం ఆమె ఇంటి దగ్గరో, ఆమె కోరిన చోటో మహిళా అధికారి తీసుకోవాలి. లాకప్ పక్కన బల్ల మీద కూర్చోబెట్టి నలుగురి ముందు అడిగే సన్నివేశం రాస్తే, అది చట్టవిరుద్ధమని కథలో ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి. విచారణ ఇన్‌కెమెరాలో, అంటే బయటివాళ్లు లేకుండా జరుగుతుంది. కిక్కిరిసిన కోర్టు హాల్లో నాయిక గర్జించే సన్నివేశం చూడ్డానికి బాగుంటుంది గానీ జరగదు. ఆమె పేరు, ముఖం టీవీ చానల్లో వేస్తే న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం.

నెలలు గడిచే కొద్దీ. 1992లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం మీకు పనికొస్తుంది. ఘటన జరిగిన రెండు వారాల్లోపు 94 శాతం మంది స్త్రీలలో పీటీఎస్‌డీ లక్షణాలు కనిపించాయి. మూడు నెలలకు అది 47 శాతానికి తగ్గింది. అంటే దాదాపు సగం మంది మెల్లగా తేరుకుంటున్నారు, సగం మందికి చికిత్స కావాలి. ‘ఆమె జీవితం అయిపోయింది’ అనేదీ అబద్ధమే, ‘వారంలో మామూలైపోయింది’ అనేదీ అబద్ధమే. లక్షణాలు నెల దాటితేనే పీటీఎస్‌డీ అంటారు. అంతకుముందు వచ్చేవి చాలావరకు దెబ్బ తిన్న మనసు సహజంగా పడే పాట్లు.

లక్షణాల్ని ఏడుపుతోనే చూపించొద్దు. మొద్దుబారిపోవడం ఉంటుంది, చెల్లెలి పెళ్లి పనుల్లో అందరికన్నా హుషారుగా తిరగడమూ ఉంటుంది. చిన్నదానికి విరుచుకుపడటం, వెనక ఎవరైనా నడిస్తే ఉలిక్కిపడటం, ఒక బస్సు రూటు ఎక్కకపోవడం, ఒక సబ్బు వాసనకు కడుపులో తిప్పడం, కోర్టు వాయిదా దగ్గర పడితే నిద్ర పట్టకపోవడం. బాగున్నట్టే ఉండి సరిగ్గా ఏడాదికి మళ్లీ కింద పడటం. పడినప్పుడు ‘మళ్లీ మొదటికొచ్చింది’ అని ఇంట్లోవాళ్లు భయపడతారు. రాలేదు. రెండోసారి లేవడం సాధారణంగా తొందరగానే జరుగుతుంది, మీ కథలో కౌన్సిలర్ చెప్పాల్సిన మాట అదే. ఆ కౌన్సిలర్ సామెతలు చెప్పే పెద్దమనిషిలా ఉండకూడదు. ‘కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ’ మామూలుగా 12 సిట్టింగులు. అందులో ‘నా తప్పే’ లాంటి ఒక్క వాక్యాన్ని తీసుకుని, దానికి ఆధారం ఏమిటని కాగితం మీద రాయిస్తారు. రెండు నిమిషాల సన్నివేశానికి ఆ కాగితం చాలు.

ప్రేమ. నాయకుడి ప్రేమ ఆమెకు చికిత్స కాదు. అతను చేయగలిగింది ఆమె చికిత్సకు అడ్డం రాకపోవడం. ముట్టుకునే ముందు అడగడం, ‘వద్దు’ అంటే ముఖం మాడ్చుకోకుండా ఆగడం, ఆగిన తర్వాత కూడా పక్కనే కూర్చుని ఏదో మామూలు విషయం మాట్లాడటం. ఒక రాత్రి సంతోషంగా ఉండి, మరుసటి వారం ఆమె వెనక్కి తగ్గడం మామూలే. ‘అవుట్‌ల్యాండర్’ ఐదో సీజన్ చివర్లో క్లెయిర్ మీద సామూహిక అత్యాచారం జరుగుతుంది. ఆరో సీజన్‌లో ఆమె ఎవరికీ తెలియకుండా ఈథర్ పీల్చి నిద్రపోతూ ఉంటుంది, ఎంతో ప్రేమించే భర్త పక్కనే ఉన్నా. ప్రేమ ఒక్కటే చాలదని ఒప్పుకున్న ఆ భాగం, ఆ సీరియల్ మొదటి సీజన్ ముగింపుకన్నా నిజాయితీగా ఉంది.

చిత్రీకరణ గురించి రెండు మాటలు. కెమెరా దాడి చేసేవాడి చూపులోంచి చూడకూడదు, వీలైతే తలుపు దగ్గరే ఆగిపోవాలి. నటితో ఏది చేస్తాం, ఏది చేయం అని ముందే కాగితం మీద రాసుకోండి. అవసరమైనవాళ్లు తప్ప సెట్లో ఎవరూ ఉండొద్దు, ఆమె ఆపమంటే కెమెరా ఆగాలి. అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీఓ 2018లోనే దీనికి ఇంటిమసీ కోఆర్డినేటర్‌ను, అంటే ఇలాంటి సన్నివేశాల్లో నటుల సమ్మతిని, హద్దుల్ని చూసుకునే మనిషిని, పెట్టుకుంది. ఇప్పుడు మన దేశంలోనూ ఆ శిక్షణ ఉన్నవాళ్లున్నారు. బడ్జెట్ చాలకపోయినా ఆ కాగితం రాసుకోవడానికి ఖర్చేమీ లేదు.

ప్రశ్న (డాలస్ నుంచి): ‘బ్రిడ్జర్టన్’ మొదటి సీజన్‌లో పడక మీద భర్త ఆగమన్నా భార్య ఆగదు. అది చాలామంది మామూలుగా చూసేశారు. పెళ్లయ్యాక కూడా ఇది తప్పేనా?

జవాబు: తప్పే. పిల్లలు వద్దని అతనికి గట్టి నిర్ణయం ఉంది, ఆగమని చెప్పాడు, ఆమె ఆగలేదు. ఆడా మగా తారుమారైతే మనం వెంటనే గుర్తుపట్టేవాళ్లం. సీరియల్ ఆ తర్వాత భార్య బాధను చూపించినంతగా భర్తకు జరిగిన అన్యాయాన్ని చూపించలేదు. మన దేశంలో ఇంకా, 18 దాటిన భార్యపై భర్త చేసే బలవంతాన్ని అత్యాచారం నిర్వచనం నుంచి మినహాయించారు. అయితే 2005 నాటి గృహహింస చట్టంలో లైంగిక హింస ఉంది, దాని కింద రక్షణ ఉత్తర్వులు అడగొచ్చు. గర్భస్రావం విషయం వరకు భర్త బలవంతాన్నీ అత్యాచారంగానే చూడాలని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక వయసు వచ్చిన మగవాడు బాధితుడైతే, పాత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌లాంటిది కొత్త న్యాయ సంహితలో లేకపోవడంతో నేరుగా వర్తించే సెక్షనే లేదు. ఇది పెద్ద లోపం, దిద్దాల్సిందే.

ప్రశ్న (నిజామాబాద్ నుంచి): ఇలాంటి సన్నివేశం హఠాత్తుగా వస్తే నాకు చెమటలు పట్టి, చిన్నప్పటిది కళ్లముందుకు వస్తుంది. ఇంట్లో అందరూ చూస్తుంటే లేచి వెళ్లలేను. ఏం చేయాలి?

జవాబు: లేచి వెళ్లండి. ‘స్టవ్ మీద పాలు పెట్టాను’ అంటే చాలు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. వెళ్లలేకపోతే తెర మీంచి చూపు తిప్పి రెండు పాదాలు నేలకు గట్టిగా నొక్కండి. గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు, చేతికి తగిలే నాలుగు, చెవికి వినిపించే మూడు మనసులోనే అనుకోండి. ఊపిరి లోపలికి తీసుకున్న దానికన్నా నెమ్మదిగా వదలండి. చల్లటి నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకున్నా పనిచేస్తుంది. ఇవి జ్ఞాపకాన్ని చెరపవు, మీరిప్పుడు ఏ ఇంట్లో, ఏ ఏడాదిలో ఉన్నారో మెదడుకు గుర్తుచేస్తాయి.

ఓటీటీలో చూసేటప్పుడు మొదట్లో వచ్చే వయసు గుర్తు, దాని పక్కనున్న హెచ్చరిక చదవండి. 2021 నిబంధనల ప్రకారం అవి వేయడం తప్పనిసరి. లైంగిక హింస అని ఉంటే ముందు వేరేవాళ్లు చూసి ఏ ఎపిసోడ్లో ఉందో మీకు చెప్పొచ్చు. అయితే బస్సు, సబ్బు, ఫలానా వీధి అంటూ తప్పించుకోవాల్సినవి నెలనెలా పెరుగుతుంటే, అది చికిత్స అవసరమని చెప్పే గుర్తు. ఘటన జరిగి ఇరవై ఏళ్లయినా చికిత్స పనిచేస్తుంది. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది, హింసకు గురైన స్త్రీల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో కౌన్సెలింగ్ ఉచితం, 181కి ఫోన్ చేస్తే దగ్గరలోని కేంద్రం చెప్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు కథంతా చెప్పక్కర్లేదు. ‘చిన్నప్పుడు నాకొకటి జరిగింది, టీవీలో అలాంటిది చూస్తే ఇలా అవుతోంది’ అన్నంతవరకు చెప్పండి. మిగతాది ఎప్పుడు చెప్పాలో మీరే నిర్ణయించుకోవచ్చు.